రెక్కల రాణులు, మార్నింగ్ షో

మిరపకాయల్లో తాలు ఏరటం మొదలుపెట్టి అది పన్నెండో రోజు. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఇంకో పక్కకి. కల్లంలో పద్నాలుగు మంది ఆడకూలీల మధ్య పదిహేనో మనిషిగా జ్యోతిర్మయి కూర్చుంది. పద్నాలుగు మందికీ సాయంత్రం కూలి ఇస్తారు. పదిహేనో మనిషి ఇంటికెళ్ళి వంట చేస్తుంది. భర్త శ్రీకృష్ణ అటుగా వచ్చి, "నీకేముందిలే జ్యోతీ, నీడపట్టున కూర్చోని కబుర్లు చెప్పుకుంటా ఏరుకోటమేగా. ఎండన పడి తిరిగేది మేము" అన్నాడు. అనేసి ఫోను చూసుకుంటూ వేపచెట్టు కిందికి పోయాడు. ఆమె చేతులు భగభగమంటున్నాయి. ఈ మంటకు కొబ్బరినూనె పనిచెయ్యదు, మజ్జిగ పనిచెయ్యదు. కాయ కల్లానికొచ్చిందంటే ఇరవై ఏళ్ళుగా ఆమె కళ్ళు తుడుచుకునేది మోచేత్తోనే. కూతురు అఖిల చంటిపిల్లగా ఉన్నప్పుడు, అత్తగారు వెంకటరావమ్మ పిల్లని ఎత్తి పట్టుకుంటే తను చేతులు వెనక్కి పెట్టుకుని వంగి పాలిచ్చింది. "మేమంతా చెయ్యలేదేంటమ్మాయ్" అనేది ఆవిడ. నిజమే, చేశారు. అందరూ చేశారు కాబట్టి అది పని కాకుండా పోయింది.

ఆ రోజు మాత్రం ఆమెకి మంట మీద ధ్యాస లేదు. మర్నాడు ఆదివారం, గుంటూరులో సినిమాకి పోతున్నారు. నలభై ఏళ్ళ మనిషి ఒక సినిమా కోసం రెండు నెలలుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూడటమేమిటని మీకు నవ్వు రావచ్చు. ఆమెకి మాత్రం నవ్వులాట కాదది.

అఖిల ఇంటర్ రెండో సంవత్సరం, పరీక్షల ముందు సెలవులకి ఇంటికొచ్చి ఉంది. యుద్ధవిమానం నడపాలని ఎనిమిదో తరగతి నుంచీ దానికి ఒకటే పిచ్చి. డిఫెన్సు వాళ్ళ రాతపరీక్ష రాసింది, పాసయింది. ఇక ఇంటర్వ్యూకి వెళ్ళాలి. పద్దెనిమిది నిండలేదు కనక ఇంట్లో పెద్దవాళ్ళ ఒప్పుదల కావాలి. ఫలితం వచ్చిన రోజు తండ్రి ఊరంతా లడ్డూలు పంచాడు. ఇంటర్వ్యూ మాట ఎత్తేసరికి "చూద్దాంలే" అన్నాడు. శ్రీకృష్ణ నోట "చూద్దాంలే" అంటే వద్దని. వద్దని చెప్పే కష్టం కూడా ఆయన పడడు, ఎదుటివాళ్ళే అర్థం చేసుకుని నోరు మూసుకోవాలి. ఇరవై ఏళ్ళ కాపురంలో జ్యోతిర్మయి బీఈడీ అట్లాగే పోయింది, ఊళ్ళో బడిలో ఇస్తామన్న చిన్న ఉద్యోగం అట్లాగే పోయింది. ఎవరూ వద్దనలేదు సుమా. చూద్దామన్నారు.

కానీ ఆమె ఒక కిటుకు కనిపెట్టింది. ఈ మనిషి పెళ్ళాం చెబితే వినడు, తల్లి చెబితే వినడు, సినిమా చెబితే వింటాడు. ఏదో సినిమాలో హీరో వాళ్ళమ్మకి అన్నం కలిపి ముద్దలు పెట్టాడని వారం రోజులు తల్లికి ముద్దలు పెట్టాడు. "నాకు చేతుల్లేవంట్రా" అని ఆవిడ కసిరితే మానాడు. రైతు సినిమా ఒకటి చూసొచ్చి చేలో నీటికుంట తవ్వించాడు. అంతదాకా ఎందుకు, అఖిలని గుంటూరులో ఉంచి చదివిద్దామని జ్యోతిర్మయి ఏడాదిపాటు ప్రాధేయపడింది. చూద్దాంలే, చూద్దాంలే. ఒకరోజు ఎవరో పేదింటి పిల్ల కలెక్టరయిన సినిమా చూసి, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి, "జ్యోతీ, మన అఖిలని గుంటూరులో చేర్పిస్తన్నా. ఆడపిల్లని చదివించుకోకపోతే మనం మనుషులమేనా?" అన్నాడు. తనే కనిపెట్టినట్టు అన్నాడు. ఆమె "అవునండీ" అంది. ఏడాదిగా తను అన్న మాటే అది, అయినా అవునండీ అనే అంది.

అందుకే ఆడపిల్లలు యుద్ధవిమానాలు నడిపే కథతో 'రెక్కల రాణులు' అని సినిమా ఒకటి వస్తోందని ఫోనులో చూసినప్పుడు ఆమె గుండె గంతేసింది. అఖిల ఆ ఒప్పుదల ఫారం తెచ్చి, "నాన్నని గట్టిగా అడుగుదామమ్మా" అంటే, "ఇప్పుడు కాదే, కొంప మునుగుద్ది. ఆ సినిమా రానీ, చూడనీ, ఆయనే సంతకం పెడతాడు" అని ఆపింది. సినిమా ఒకసారి వాయిదా పడింది. ఇంకోసారి పడింది. ఆఖరికి వచ్చింది. గుంటూరు చివర పాత హాల్లో, మార్నింగ్ షో ఒక్కటే.

కూలీలని తీసుకొచ్చే మేస్త్రి జైనాబీకి ఈ సంగతంతా తెలుసు. తాలు ఏరుతూనే, "సినిమా ఎందుకు జోతమ్మా, నీ నోరుందిగా, నువ్వే అడగరాదా?" అంది.

"నా నోరు ఆ ఇంట్లో అన్నానికి పిలవటానికేలే జైనాబీ" అంది జ్యోతిర్మయి. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆదివారం పొద్దున్నే నాలుగింటికి లేచి, అత్తగారికి టిఫిను, మధ్యాహ్నానికి అన్నం కూర, పాలేరుకి క్యారియరు సర్ది, గేదెకి కుడితి పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుంది. కారులో ముగ్గురూ బయల్దేరారు. హాల్లో పాతికమంది కూడా లేరు. తెర మీద మొదటి విమానం లేవగానే ఆమె తెరని వదిలేసి భర్త మొహాన్నే చూడటం మొదలుపెట్టింది.

ఏం సినిమా అది! ఎవరు తీశారో గానీ, వాళ్ళ చేతులు విరిగిపోను! పైలట్ల హెల్మెట్లంటే మోటారుసైకిలు హెల్మెట్లకి తెల్లరంగు కొట్టినవి. విమానం లోపలని చూపించిన చోట వెనక నీలం గుడ్డ ముడతలు పడి కనిపిస్తోంది. ఒకటే పేలుడుని మూడుసార్లు చూపించారు. "అమ్మా చూడు, విమానం తలకిందులుగా పోతన్నా ఆవిడ జడ మటుకు భుజం మీదే ఉంది" అని అఖిల కిసుక్కున నవ్వింది. అదొక్కసారే నవ్వింది. అయినా జ్యోతిర్మయి ఆశ వదల్లేదు. బొమ్మ ఎట్లా ఉంటేనేం, కథ బాగుంటే చాలదా?

కథ ఇదీ. ముగ్గురు ఆడపైలట్లు. ఒకామె శత్రువిమానం ఎదురుగా వస్తుంటే కాబోయే మొగుడు గుర్తొచ్చి, కళ్ళనీళ్ళతో మీట నొక్కటం మర్చిపోయి చచ్చిపోయింది. రెండో ఆమె శత్రువులకి చిక్కింది. పై అధికారి, అంటే హీరో, ఒక్క తుపాకీతో నడుచుకుంటూ వెళ్ళి ఆమెని భుజాన వేసుకుని తెచ్చాడు. విమానం ఉండగా నడిచి ఎందుకెళ్ళాడో ఆ దేవుడికే తెలియాలి. మూడో ఆమె యుద్ధం గెలిచింది. గెలిచి, ఆఖర్న పెళ్ళిపందిట్లో తన టోపీ తీసి హీరో చేతిలో పెట్టింది. అతను దాన్ని పక్కన పెట్టి, ఆమె తలలో పూలు తురిమి, "ఆకాశం ఎంత పెద్దదైనా, నీ కోసం ఎదురుచూసే గడప దానికి లేదు" అన్నాడు.

ముందు బెంచీల వాళ్ళు ఈల వేశారు. శ్రీకృష్ణ చప్పట్లు కొట్టాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె రెండు నెలలుగా ఎదురుచూసిన ఎరుపే అది, కలెక్టరు సినిమా రోజున చూసిన ఎరుపు.

కారు ఎక్కగానే ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏమాటకామాట, ఎంత చక్కగా చెప్పాడు! గడప లేదంట ఆకాశానికి. అమ్మా అఖిలా, నేను ఇన్నాళ్ళూ ఎటూ తేల్చుకోలేకపోయా. ఇవాళ తేలిపోయింది. మనకొద్దు తల్లీ అయ్యన్నీ. ఎంసెట్ రాయి, గుంటూర్లోనే ఇంజినీరింగు చెయ్యి. రోజూ ఇంటికొచ్చి పడుకోవచ్చు." ఆయన పెళ్ళాం వైపు తిరిగి, "మంచి సినిమాకి తీసుకొచ్చావ్ జ్యోతీ" అన్నాడు. మెచ్చుకుంటూ అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన మెచ్చుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ మెప్పు ఇప్పుడు దొరికింది.

ఇంటికొచ్చేసరికి వెంకటరావమ్మ వసారాలో ఉంది. కొడుకు చెప్పిందంతా విని, "నేను అప్పుడే చెప్పలా? ఆడపిల్లకి అయ్యన్నీ ఎందుకురా" అంది. జ్యోతిర్మయి వంటింట్లోకెళ్ళి నిలబడింది. ఏం చెయ్యటానికి వచ్చిందో గుర్తు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. "చూద్దాంలే" అన్నవాడిని తీసుకెళ్ళి, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ తీసుకెళ్ళి, "వద్దు" అనిపించి తీసుకొచ్చింది తను. నా కూతురు, నా కడుపున పుట్టిన పిల్ల, దాని సంగతి నేను అడగాల్సింది పోయి ఎవరో ముక్కూమొహం తెలియని వాడు తీసిన బొమ్మని అడగమన్నాను. ఆ బొమ్మ తీసినవాళ్ళ మాటే చెప్పింది, నా మాట ఎందుకు చెబుతుంది? కలెక్టరు సినిమా అప్పుడు నేను గెలిచాననుకున్నాను. నేనెక్కడ గెలిచాను, ఆ రోజు లాటరీ తగిలిందంతే. బీఈడీ పోయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదామెకి. చేతులు మూడుసార్లు కడుక్కుని కళ్ళు తుడుచుకుంది. అయినా మండాయి.

మర్నాడు పొద్దున కల్లంలో జైనాబీ "ఎట్టా ఉంది జోతమ్మా సినిమా?" అని అడిగితే, "తాలు" అంది. ఇంకేమీ అడగొద్దన్నట్టు గబగబా చేతులు ఆడించింది. పదకొండింటికి అన్నం వండటానికి ఇంటికొచ్చేసరికి, పెరట్లో బట్టలుతికే బండ మీద అఖిల కూర్చుని ఉంది. ఎంసెట్ పుస్తకం ఒళ్ళో ఉంది, తెరిచి లేదు. జ్యోతిర్మయి పక్కన చతికిలబడింది.

"ఆ ఫారం ఏదే?" అంది.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"తీసుకురా. మళ్ళీ ఒకసారి ఆయన్ని అడుగుతా. కాళ్ళు పట్టుకుంటా."

అఖిల లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చింది. జ్యోతిర్మయి ఆ కాయితాన్ని చేతిలోకి తీసుకోవటం అదే మొదలు. అంతదాకా దాన్ని శ్రీకృష్ణ సంతకం పెట్టాల్సిన కాయితమనే అనుకుంది, చదవాలని కూడా తోచలేదు. డిగ్రీ చదివిన మనిషి! కింద గీత, గీత కింద చిన్న అక్షరాలు. ఫలానావారి తండ్రి, లేదా తల్లి, లేదా సంరక్షకుడు. ఆమె రెండుసార్లు చదివింది.

"తల్లి అని ఉందేంటే ఇక్కడ?"

"ఉందమ్మా."

"అంటే నేను పెట్టినా చెల్లుద్దా?"

"చెల్లుద్ది."

"మరి నన్నెందుకు అడగలేదే?" గొంతు చిన్న కేకలా వచ్చింది.

అఖిల తల్లి కళ్ళలోకి చూడలేదు. పుస్తకం అంచు గోటితో గీరుతూ, "నువ్వు పెట్టవని తెలుసుగా. నాన్నని అడిగి పెడతానంటావ్. అదేదో నాన్ననే అడిగితే పోద్దనుకున్నా" అంది. కోపంగా అనలేదు. ఇంట్లో పప్పు నిండుకుందని చెప్పినట్టు చెప్పింది.

జ్యోతిర్మయి చెయ్యి చాపింది. "పెన్ను ఇవ్వు."

"అమ్మా..."

"ఇవ్వవే."

ఒళ్ళో పుస్తకం మీద కాయితం పెట్టుకుని సంతకం పెట్టింది. బ్యాంకు పుస్తకం మీద తప్ప పెట్టి ఎన్నేళ్ళయిందో. చేతి మంటకి అక్షరాలు వంకర పోయాయి.

"గడువు పదో తారీఖుతో అయిపోయిందమ్మా" అంది అఖిల. "పది రోజులైంది. ఆ మబ్బు పట్టిన రోజు కల్లంలో చెప్పా నీకు. అందరూ కాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. సరే సరేలే అన్నావ్."

అన్నదా? అని ఉంటుంది. ఆ రోజు చినుకు పడితే కాయంతా బూజు పట్టేది. ఎటు చూసినా అరుపులు, పరుగులు. ఎవరేం చెప్పినా సరే సరేలే అంది. కాయ తడవలేదు. ఒక్క కాయ కూడా తడవకుండా కాపాడింది.

"మళ్ళీ రాయొచ్చు కదే?"

"రాయొచ్చు. మళ్ళీ పాసవ్వాలి, మళ్ళీ ఇదంతా." ఆ పిల్ల లేచింది. "ఏమోనమ్మా, ఓపిక లేదు" అని లోపలికెళ్ళిపోయింది. పదిహేడేళ్ళ పిల్ల నోట ఓపిక లేదన్న మాట! జ్యోతిర్మయి ఆ కాయితాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంది. చింపెయ్యొచ్చు. మడిచి చీరల అడుగున పెట్టుకోవచ్చు, బీఈడీ హాల్‌టిక్కెట్టు ఉన్నచోట. దేనికీ పనికిరాని సంతకం.

మధ్యాహ్నం శ్రీకృష్ణ అన్నానికి కూర్చున్నాడు. పక్కన తల్లి. జ్యోతిర్మయి పప్పు వడ్డించింది, నెయ్యి వేసింది. ఆయన మొదటి ముద్ద కలుపుతుండగా, "అఖిల ఫారం మీద నేను సంతకం పెట్టానండీ" అంది.

ముద్ద ఆగిపోయింది. "ఏ ఫారం?"

"విమానాల ఇంటర్వ్యూది. తల్లి పెట్టినా చెల్లుద్దంట."

"ఎవర్ని అడిగి పెట్టావ్?"

"ఎవర్నీ అడగలేదు."

"ఓరి దేవుడో" అంది వెంకటరావమ్మ. శ్రీకృష్ణ కంచం ముందునుంచి లేచాడు, లేచి ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. "కారులో నేనేం చెప్పా? చెప్పానా లేదా? నువ్వెవరివే పెట్టటానికి? మగాణ్ణి ఇంట్లో ఉండగా... నేను వద్దన్నాక..." అని అరిచాడు. ఆ అరుపుకి పక్కింటి వాళ్ళు తొంగిచూశారు. వంటింటి తలుపు దగ్గర అఖిల వచ్చి నిలబడి, నోరు తెరవబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. "వద్దన్నారుగా, నేను పెట్టాను" అంది జ్యోతిర్మయి. ఆ మాట తనే అన్నదా అని తనకే భయం వేసింది. ఆయన అరుస్తూనే ఉన్నాడు, ఆమె గిన్నె పట్టుకుని నిలబడే ఉంది, గడువు దాటిపోయిందన్న సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు.