జానెడు అంచు

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. ఆ గదిలో అది నలభై ఏళ్ల నియమం. ఎడమచేత్తో సూది పట్టుకుని, దారం కొస పెదవుల మధ్య తడిపి, ట్యూబ్‌లైటు వైపు మొహమెత్తి ఒంటికన్నుతో చూసింది. గురి తప్పింది. రెండోసారీ తప్పింది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి చూస్తున్న చిట్టి సాయానికి కదల్లేదు. మూడోసారికి దారం దూరింది.

"నన్ను చూస్తావేంటే, దుప్పటి మాడిపోతుంది," అంది పిన్ని తల తిప్పకుండానే.

చిట్టి ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది.

పెద్దాసుపత్రి కింది అంతస్తులో, బట్టలుతికే యంత్రాల పక్కగది అది. వార్డుల్లో చిరిగిన దుప్పట్లన్నీ అక్కడికే దిగుతాయి. నలిగిన పాతబట్ట మిషన్ సూదికి ఆగదు, ఇంకా చిరుగుతుంది. అందుకని చేత్తోనే కుట్టాలి. గదికి కిటికీ లేదు. గోడవతల యంత్రాలు తిరుగుతున్నంతసేపూ బల్ల మీద కత్తెర సన్నగా వణుకుతూంటుంది. పొడవాటి బల్లకు ఒకే వైపున రెండు కుర్చీలు. ఎడమది పిన్నిది. కుడిది చిట్టి అమ్మది, ఎనిమిది నెలలుగా ఖాళీ.

పిన్ని అంటే చుట్టం కాదు, అమ్మ స్నేహితురాలు. ఇద్దరూ పంతొమ్మిదేళ్ల వయసులో ఒకే రోజున పనిలో చేరారు. ఆ రోజే పిన్నిని వెనక్కి పంపబోయారట. ఎడమచేతి వాటం మనిషి కుట్టు ఏటవాలు తిరగబడుతుంది, మిగతావాళ్ల కుట్టుతో కలవదు అన్నారట. అప్పుడు అమ్మ, అప్పటిదాకా మొహం కూడా ఎరగని మనిషి కోసం, అడ్డం పడింది. "ఈవిణ్ని ఎడమకొస నుంచి రానివ్వండి, నేను కుడికొస నుంచి వస్తాను. ఒక దుప్పటి పట్టే టైములో రెండు తెములుతాయి," అంది.

అలాగే తెమిలాయి. దుప్పటి పొడుగునా అంచు మడిచి చెరో కొస నుంచి మొదలుపెట్టి, మధ్యలో భుజాలు తగిలేచోట ఇద్దరి దారాలూ కలిపి ముడేసేవారు. మొదలుపెట్టిన కొసలో ఎవరి గుర్తు వాళ్లకి. అమ్మది నీలం ముడి, పిన్నిది ఎర్రముడి. అమ్మది నత్తనడక. పిన్ని ముందే మధ్యకు చేరి, సూది అంచులో గుచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "రావే తల్లీ, రా. నీకోసం దిష్టిబొమ్మలా ఎంతసేపు కూర్చోను?" అని దెప్పేది. దారం మాత్రం తెంపేది కాదు. చిట్టి పొత్తిగుడ్డలు కూడా వాళ్లిద్దరూ అలాగే చెరో కొస నుంచి కుట్టారని అమ్మ చెప్పేది. పిన్నికి పిల్లల్లేరు. పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోయాడు. తమ్ముడి ఇంటి వెనకగదిలో ఒక మంచం, ఒక పెట్టె, అంతే ఆవిడ సంసారం.

అంత స్నేహమూ చివర్లో ఏమైందో చిట్టికి అర్థం కాలేదు. అమ్మ ఇదే ఆసుపత్రిలో, ఇదే గదికి రెండంతస్తుల పైన, ఇరవై రెండు రోజులు మంచంలో ఉంది. పిన్ని ఒక్కరోజు కూడా మెట్లెక్కలేదు. వీధిచివరి పాలవాడు కూడా వచ్చి చూసిపోయాడు. అమ్మ కళ్లు తలుపు వైపే ఉండేవి. చిట్టికైతే అలాగే అనిపించింది. అమ్మ పోయాక పిన్ని వచ్చి గోడవారగా నిలబడి, ఏడవకుండా వెళ్లిపోయింది. తర్వాత అమ్మ స్థానంలో చిట్టిని తీసుకున్నారు. పిన్ని పక్కన కుట్టు వద్దని చిట్టి ఇస్త్రీ పని అడిగి తీసుకుంది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే గదిలో పని చేస్తున్నారు. చిట్టి నోట 'పిన్నీ' అన్న పిలుపు మళ్లీ రాలేదు. పిన్ని మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే కుట్టుకుంటూ ఉంది. అది చిట్టికి ఇంకా మంట.

మధ్యాహ్నం ఉతికిన బట్టల బండి వచ్చింది. చిట్టి ఒక్కొక్క దుప్పటీ పరిచి ఇస్త్రీ చేస్తోంది. నాలుగో దుప్పటి కుడికొసలో నీలం ముడి కనపడింది. అమ్మ ముడి. చిట్టి పెట్టె పక్కన పెట్టి దాన్ని వేలితో తడిమింది. పక్కనే కుట్టు పూర్తయిన నెల ముద్ర ఉంది. అమ్మ మంచంలో ఉన్న నెల అది.

చిట్టి అంచంతా చూసింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా. కుట్లన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి. మధ్యలో జంటముడి లేదు.

"పిన్నీ," అంది. ఎనిమిది నెలల తర్వాత ఆ పిలుపు విని పిన్ని చెయ్యి ఆగింది. "ఈ నీలం ముడి ఎవరేశారు?"

"మీ అమ్మ. ఇంకెవరేస్తారు?"

"ఆ నెల అమ్మ గ్లాసు కూడా ఎత్తలేకపోయింది. కుట్టంతా నీ వాటమే. రెండు కొసలూ నువ్వే కుట్టావు."

"కుట్టాను. అయితే ఇప్పుడేంటి, ఉరేస్తావా?"

"పైకి ఎందుకు రాలేదో అప్పుడే చెప్పొచ్చుగా!"

పిన్ని కళ్లద్దాలు తీసి దుప్పటి అంచుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"పైకి తీసుకెళ్లే రోజున ఈ కుర్చీలోనే కూర్చుంది మీ అమ్మ. 'ఒసే పుర్రచెయ్యీ, నువ్వు నన్ను చూడ్డానికొస్తే నా కొస ఎవరు కుడతారే? లెక్కలవాళ్లు మనుషుల్ని చూడరు, ముళ్లే చూస్తారు. రెండు వారాలు నీలం ముడి కనపడకపోతే పనివాళ్ల పట్టీలో నా పేరు కొట్టేస్తారు. పేరు పోతే పనివాళ్లకని ఇచ్చే మంచం పోతుంది, రేపు పిల్లకి ఈ పనీ రాదు' అంది. పైకి రానిచ్చే టైమేమో పని టైమే. ఇద్దరి పనీ తెమిలేసరికి గేటు మూసేవాళ్లు."

"నాకైనా చెప్పాల్సింది."

"నీకా? మీ అమ్మ కూతురివి, నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి చెవినైనా పడితే ఇద్దరం రోడ్డున పడేవాళ్లం."

"పోయాకైనా?"

"చెప్తే తిరిగొస్తుందా?" పిన్ని అద్దాలు పెట్టుకుంది. "నామీద కోపంతోనైనా లేచి పనికొస్తున్నావు, అన్నం తింటున్నావు. పోన్లే, ఉండనీ అనుకున్నా."

చిట్టికి ఎనిమిది నెలలు తను మొహం తిప్పుకున్న ప్రతి రోజూ గుర్తొచ్చింది. సిగ్గుతో తల వంచుకుని కళ్లు తుడుచుకుంది.

పిన్ని బల్ల మీద కొత్తగా ఒక దుప్పటి పరిచింది. రేకుడబ్బాలోంచి నీలం దారపు ఉండ తీసి కుడిపక్కకు దొర్లించింది. "ఏడిస్తే అంచు కుట్టినట్టు కాదు. ఆ కొస పట్టు."

చిట్టి అమ్మ కుర్చీలో కూర్చుంది. నీలం ముడి వెయ్యడానికి మూడుసార్లు విప్పాల్సివచ్చింది. తర్వాత తెల్లదారంతో కుట్టడం మొదలుపెట్టింది. మధ్యలో కలిసినప్పుడు క్షమించమని అడగాలి, ఆ ముడి వేసేటప్పుడు, అనుకుంది. పిన్ని సూది అవతలినుంచి చకచకా వచ్చేసింది. ఒకటి రెండుసార్లు ఆగి, ఎడమచెయ్యి విదిలించి, ఊపిరి పీల్చుకుంది. మధ్యకు చేరి, సూది గుచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నడకలో కూడా అమ్మ పోలికే," అంది.

ఇంకా జానెడు ఉండగా గంట కొట్టారు. యంత్రాలు ఆగాయి. కత్తెర వణకడం మానేసింది.

"ఒక్క పది నిమిషాలు పిన్నీ, అయిపోతుంది."

"తొందరపడితే కుట్టు వదులవుతుంది. రేపు చూద్దాం. నాకు వెయిట్ చెయ్యడం అలవాటేలే." లేచి బల్ల పట్టుకుని కాసేపు నిలబడింది. గుమ్మం దగ్గర ఆగి, "దారం తెంపకు," అని చెప్పి వెళ్లింది.

పొద్దున చిట్టి వచ్చేసరికి తలుపు దగ్గర పిన్ని తమ్ముడు నిలబడి ఉన్నాడు. "అక్క లేవలేదమ్మా. నిద్రలోనే. నీకు ముందు చెప్పాలనిపించింది," అన్నాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. నువ్వెళ్లు, వెనకే వస్తాను అంది చిట్టి.

లోపల దుప్పటి పరిచినట్టే ఉంది. చిట్టి కుడికుర్చీలో కూర్చుని సూది అందుకుంది. ఆ జానెడూ తొందరపడకుండా, వదులవకుండా కుట్టింది. గోడవతల యంత్రాలు మొదలయ్యాయి. మధ్యకు చేరింది. చెప్పాలనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. పిన్ని సూది అక్కడే, అంచులో నిలువుగా గుచ్చి ఉంది, ముడికి సరిపడా దారం తెంపకుండా వదిలి.