చిన్నమ్మాళ్ అడిగింది

చిన్నమ్మాళ్‌కు జపాలు నేర్పింది భర్త లోకనాథనే. పుదుచ్చేరి నూలుమిల్లులో పనిచేసే కిరస్తానీల వెంట వాళ్ల గుడికి పోయి, ముందు తాను జ్ఞానస్నానం తీసుకుని, ఏడాదికి ఆమెనూ ఒప్పించాడు. ఆమె అక్షరం రాని మనిషి. పొయ్యి దగ్గర కూచోబెట్టి ఒక్కొక్క మాటా పలికించాడు. అప్పటినుంచీ అతని తల్లి మణియమ్మ, అన్న నటేశన్ అతన్ని గడప తొక్కనివ్వలేదు.

ఆరేళ్లు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత అయినవాళ్ల పెళ్లిమేళం వీధిలో వినబడితే చాలు, అన్నం దిగేది కాదు. ఒక శుక్రవారం మెడలో సిలువ తీసి, నుదుట విభూది పెట్టుకుని తల్లి ముందు నిలబడ్డాడు.

"అదంతా వదిలేసినానమ్మా. ఆమె కూడా వదిలేసింది."

మణియమ్మ ఏడ్చి, కూడు పెట్టింది. ఆదివారం అతను మళ్లీ కిరస్తానీ గుడిలో మోకరించి, సామి చేతి సత్ప్రసాదపు రొట్టె తీసుకున్నాడు. మొదటిసారి ఒళ్లు వణికింది. రెండు నెలలకు ఆ వణుకూ పోయింది.

ఆ వేసవిలో చిన్నమ్మాళ్‌కు విషజ్వరం పట్టుకుంది. తొమ్మిదోనాటికి ఇక లాభం లేదని ఆమెకే తెలిసిపోయింది. తోడుగా కూచున్న పక్కింటి కుప్పమ్మాళ్‌తో పొద్దున్నించీ ఒకటే మాట, పోయేముందు పాపాలు చెప్పుకోవాలి, గుడి సామిని పిలవమని. కుప్పమ్మాళ్ లేవబోతే లోకనాథన్ అడ్డుపడ్డాడు. ఆ పూట తల్లీ అన్నా వస్తామని కబురు పంపారు.

"నేను పోతాలే అక్కా. నువ్వు తేంగాయితిట్టు ఊళ్లో వైద్యుడి దగ్గర మందు పట్టుకురా."

నమ్మి వెళ్లింది. అతను మాత్రం కదల్లేదు.

నటేశన్ కూతురి పెళ్లికి పిలవడానికి వాళ్లిద్దరూ తాంబూలంతో వచ్చి అరుగు మీద కూచున్నారు. లోపల్నించి పిలుపు వినబడింది. లోకనాథన్ వెళ్లాడు.

"సామిని పిలవయ్యా. గుడి ఎంత దూరముండాది? నాకు భయంగా ఉంది."

"పోతా ఉండా" అని బయటికొచ్చాడు.

"ఏందిరా అడగతా ఉంది?" అంది మణియమ్మ.

"నీళ్లమ్మా."

చెంబుతో లోపలికెళ్లాడు. చిన్నమ్మాళ్ మొహం తిప్పుకుంది.

"నేను నీళ్లడగలేదు" అంది.

ఇక అతన్ని అడగలేదు. తనే జపం మొదలెట్టింది. సగంలో మాట తప్పిపోయింది. అందించమన్నట్టు భర్త వంక చూసింది. ఆ మాట అతని నాలుక మీదే ఉంది. బయట అన్న దగ్గాడు. లోకనాథన్ చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పుకుని అక్కడే ఆగింది. మూడోసారి పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. చూపు మాత్రం అతని మీదే నిలిచిపోయింది.

"ఆ జపమేందిరా?" తల్లి గొంతు.

"జొరంలో ఏందో పేలుతా ఉందమ్మా" అన్నాడు.

అప్పటికే ప్రాణం పోయింది.

మందుతో తిరిగొచ్చిన కుప్పమ్మాళ్ మంచం వంక చూసి, మందు అక్కడే పారేసి గుడికి పరుగెత్తింది. పరాసు దేశపు ముసలి సామి వచ్చి, శవాన్ని చూసి, "నన్నెందుకు పిలవలేదు?" అన్నాడు.

"ఆమె అడగలేదు సామీ."

"పొద్దున్నించీ అదే కదా తంబీ అడిగింది!" కుప్పమ్మాళ్ అరుపుకు వీధంతా బయటికొచ్చింది; అరుగు మీదున్న తల్లీ అన్నా కూడా విన్నారు.

సామి అతన్ని తిట్టలేదు. సమాధి చేసి వస్తూ, పాపసంకీర్తనానికి, చేసింది ఒప్పుకోడానికి రమ్మన్నాడు. రేపొస్తానన్నాడు లోకనాథన్. పోలేదు. ఇంకే ఆదివారమూ పోలేదు.

పెళ్లికి మాత్రం పోయాడు. పెళ్లాం చచ్చినవాడు పందిట్లోకి రాకూడదని నటేశన్ దొడ్లో, గొడ్ల చావిడి పక్కన ఆకు వేయించాడు. మణియమ్మే పైనుంచి, చెయ్యి తగలకుండా వడ్డించింది. వియ్యాలవారి ఆడమనిషి ఒకామె అటొచ్చి, "ఎవరమ్మా ఆయన?" అని అడిగింది.

"ఎవురో మిల్లాయన" అంది తల్లి.

లోకనాథన్ విన్నాడు. తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.