నెయ్యి వేసిన జావ

మా ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళు ఖాళీ కడుపుతో వెళ్ళిన దాఖలా లేదు. కరెంటు రీడింగు తీయడానికొచ్చిన మనిషైనా సరే, "వద్దండి" అంటే నా చెవికెక్కదు. వద్దన్నవాళ్ళకి పెట్టడమే మర్యాద అని నా లెక్క. పాలకొల్లులో మా వీధి వీధంతా ఈ అచ్చాయమ్మ చేతి తిండి తిన్నవాళ్ళే. ఇంత గొప్పలు పోయేదాన్ని, ఇప్పుడు పక్కింటి పావని "పిన్నిగారూ" అని పిలిస్తే తలెత్తలేకపోతున్నాను. సిగ్గు. వేరే మాటేం లేదు.

మా ఆయన చంద్రరావు గారు ఐస్ ఫ్యాక్టరీలో మేనేజరుగా చేసి, పోయిన వేసవిలో రిటైరయ్యారు. అప్పట్నుంచీ మనిషి దిగాలుగా పేపరు ముందేసుకుని కూర్చోవడమే. ధనుర్మాసం పొగమంచు మొదలైన రోజుల్లో మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన గూడు పెట్టిన ఆడ పావురాన్ని పిల్లి పట్టుకుపోయింది. మగది ఒకట్రెండు రోజులు వచ్చిపోయి, అదీ మానేసింది. గూట్లో రెండు పిల్లలు మిగిలాయి. ఒంటి మీద ఈకల్లేవు, పసుప్పచ్చ నూగు, ముక్కులు మాత్రం ఇంతింత. అందమూ లేదు, చందమూ లేదు. ఆయన వాటిని కండువాలో పెట్టుకుని కిందకి తెచ్చారు.

నాకు ఒళ్ళు మండింది. ఇల్లంతా రెట్టలు చేస్తాయని గోల చేశాను. ఆయన అట్టపెట్టెలో పాత లుంగీ పరిచి, పైన బల్బు వేలాడదీశారు. ఫోన్లో వీడియోలు చూసి శనగపిండి పల్చగా కాచి, గోరువెచ్చగా సిరంజిలోకి తీసి చుక్క చుక్కగా పట్టేవారు. పట్టే ముందు ప్రతిసారీ మెడ కింద సంచిలా ఉన్న చోట వేలితో తడిమేవారు. అది ఖాళీ అయితేనే తిండి, లేకపోతే లేదు. "ఫోను డాక్టరు గారూ" అని వెక్కిరించేదాన్ని గానీ, ఆయన మొహంలో ఇన్నాళ్ళకి కళొచ్చిందని లోపల సంబరంగానే ఉండేది. ఆ పిల్లలు దక్కాలని ఆయన కంటే నేనే ఎక్కువ కోరుకున్నానంటే ఇప్పుడెవరు నమ్ముతారు?

ఒక్క మాట మాత్రం ఆయన పదే పదే చెప్పేవారు. కరెంటు పోతే ముందు వాటిని చేతుల్లో పెట్టుకుని వెచ్చబెట్టాలట. చల్లబడ్డ పిల్లకి తిండి పెడితే అరగదట. ఊఁ కొట్టాను. తిండి సంగతి నాకు ఈయన నేర్పడమేంటి?

మొన్న ఆయన బీపీ చూపించుకోవడానికి భీమవరం వెళ్ళారు. వెళ్ళిన కాసేపటికే కరెంటు పోయింది. వంటలో పడి నేను గమనించలేదు. వచ్చి చూస్తే రెండూ ముడుచుకుపోయి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా తగిలాయి. చలికి వణికే పిల్లలకి మా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేశాను. బొంబాయి రవ్వ జావ కాచి, గరిటెడు నెయ్యి వేసి, పెద్దదాని ముక్కు విప్పి పట్టాను. అది తల పక్కకి తిప్పుకుంది. వద్దంటే వదిలే చెయ్యా ఇది? "ఇంకొక్క గుక్క, మా తల్లివి కదూ" అంటూ బతిమాలి మరీ పట్టాను. మెడ కింద నిమ్మకాయంత ఉబ్బింది. తోడుకి పెరుగు కోసం వచ్చిన పావనికి కూడా చూపించి, ఎలా తిందో చూడవే అని మురిసిపోయాను. చిన్నదానికి పట్టేలోపు జావ అయిపోయింది. మళ్ళీ కాద్దామనుకునేసరికి కరెంటొచ్చి బల్బు వెలిగింది, ఇక కాయలేదు. ఆ చిన్నది బతకడానికి కారణం అంతే, నా గొప్పేం కాదు.

ఆయన వచ్చేసరికి పెద్దది మెడ వాల్చేసింది. వేలితో తడిమారు. లోపల జావ గట్టిపడిపోయి ఉంది. ఎవరు పెట్టారని అడగలేదు. దాన్ని గుండెలకి ఆనించుకుని నిమురుతూ కూర్చున్నారు. పొద్దుగూకేలోపు పోయింది. ఏమైందో చూద్దామని పావని వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను ఊరుకోవచ్చు కదా. ఈ నోరు ఊరుకోదు. కడుపునిండా పెట్టడం కూడా తప్పేనా అని ఆయన మీదే గయ్యిమన్నాను.

ఆయన తలెత్తలేదు. "అది వద్దంది కదే," అన్నారు. "నేనూ రోజూ అంటాను. మనిషిని కాబట్టి తట్టుకున్నాను."

పావని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన కంచానికి చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్ళ సందుల్లోంచే పప్పు వడ్డించేదాన్ని. చుట్టాల ముందు అది చెప్పి నవ్వేదాన్ని. ఆయన ఆయాసపడుతూ లేచి చెయ్యి కడుక్కుంటుంటే, తిన్నది ఒంటబట్టిందనుకునేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్న ఆయన చిన్నదాన్ని తెచ్చి నా చేతిలోనే పెట్టారు. నాలుగు తిట్టినా బావుణ్ణు. నా వల్ల కాదు, మీరే చూసుకోండి అని ఏడిచాను. వినలేదు. నా అరచేతులు రెండూ దాని చుట్టూ మూసి, కదలకుండా కూర్చోమన్నారు. కూర్చున్నాను. అది మెల్లగా వెచ్చబడి నోరు తెరిచి అరవడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి పెట్టెయ్యాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఆయన నా వేలు పట్టుకుని దాని మెడ కింద ఆనించారు.

"ఏమైనా తగులుతోందా?"

"కొంచెం ఉందండి."

"అయితే ఆగు."

ఆగాను. గంట పోయాక మళ్ళీ తడిమితే వేలికి పల్చటి చర్మం తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు సిరంజి ఇచ్చారు. చుక్క చుక్కగా పట్టాను. కొంత తాగి, అది కూడా తల పక్కకి తిప్పుకుంది. నా చెయ్యి ఆగిపోయింది. సిరంజిలో సగం అలాగే ఉంది.

"చాలంటోందండీ," అన్నాను. ఆయన నావైపు చూశారు. ఆయన మొహంలోకి చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.