పదో మూట

మా డిపార్ట్‌మెంటు వరండాలో పోయినేడాది ఒక టీవీ తెర బిగించారు. అంతకుముందు అక్కడ మంచినీళ్ళ కుళాయి ఉండేది. ఇప్పుడు దాహం వేసిన పిల్లలు రెండంతస్తులు దిగి కిందికి పోవాలి. మాలో ఎవరు మంచి మెంటరో ఎవరు కాదో మాత్రం వరండా ఆ చివర నుంచే చదువుకోవచ్చు. పేరు పక్కన ఒక అంకె, అంకెకో రంగు. అరవై, ఆ పైన అయితే ఆకుపచ్చ. తగ్గితే ఎరుపు. నా పేరు పక్కన ఎప్పుడూ ఎరుపే.

లెక్క చాలా తేలిక. ఒక్కో లెక్చరర్‌కి పదిమంది విద్యార్థులను అప్పగిస్తారు. వాళ్ళ మార్కుల సగటే మన స్కోరు. మధ్యలో సీటు వదులుకుని పోయినవాళ్ళని లెక్కలోంచి తీసేస్తారు. లేని విద్యార్థికి మార్కులెలా వేస్తామండీ అంటారు డీన్ గారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. వరసగా రెండుసార్లు ఎరుపు వస్తే నాలాంటి కాంట్రాక్టు వాళ్ళకి మళ్ళీ కాంట్రాక్టు ఇవ్వరు. ఈ నిబంధనలన్నీ అచ్చువేసి తెర కిందే అతికించారు, అంతా పారదర్శకంగా ఉండాలట. నాకు ఒకసారి ఎరుపు అయిపోయింది. ఇది రెండోది.

ఏడాది మొదట్లో విద్యార్థులను పంచుకునే రోజున మా సీనియర్లను చూడాలి. సంతలో పుచ్చు లేని వంకాయలు ఏరుకున్నట్టు మంచి మార్కుల వాళ్ళని ఏరుకుంటారు. చివరికి గంపలో మిగిలినవన్నీ నాకు. నేనూ కాదనను. పైగా ఇంకెవరైనా వద్దన్నవాళ్ళుంటే వాళ్ళనీ తెచ్చుకుంటాను.

"తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది నీ వరస," అంటుంది మా అక్క. తను టైలరు. ముందుగదిలో తన మిషను, వెనకగదిలో నా పుస్తకాలు. ఇద్దరి మధ్యా ఒక కర్టెన్, దాని గుండా రోజంతా వచ్చే ఆవిడ సలహాలు.

నేను అడిగి తెచ్చుకున్న ఆ పదో మనిషే నిద్రమ్మ. ఆ పేరు పెట్టింది నేను కాదు, తోటి పిల్లలు. మిగతావాళ్ళ కన్నా ఆరేడేళ్ళు పెద్దది. తెల్లవారుజామునే లేచి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, అటునుంచి అటే తరగతికి వచ్చేది. మొదటి గంటలో ఆమె తల మెల్లగా పుస్తకం మీదికి వాలేది. నా సబ్జెక్టు స్టాటిస్టిక్స్, నేను చెబుతుంటే మెలకువగా ఉన్నవాళ్ళకీ నిద్ర వస్తుంది. మొదటి రెండు పరీక్షలూ కలిపి ఆమెకి వచ్చిన సగటు ఇరవై నాలుగు. నలభై వస్తేగాని ప్యాసవదు. ఈసారి ప్యాసవకపోతే యూనివర్సిటీ నుంచి పంపించేస్తారు.

మంచి మెంటరుకు ఉండవలసిన నైపుణ్యాలు అని మాకు ఒకసారి శిక్షణ ఇచ్చారు. విద్యార్థి కళ్ళలోకి చూడాలి, మధ్యమధ్యలో తల ఊపాలి, విద్యార్థి చెప్పినదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పాలి. నిద్రమ్మ మొదటిసారి నా గదికి వచ్చి కూర్చుని ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. ఏమని తిరిగి చెప్పను? తల మాత్రం ఊపాను. ఆ తరవాత నేనూ ఊరుకున్నాను. నాకు తెలిసిన ఒకే ఒక విద్య అది, ఎదుటివాళ్ళు నోరు తెరిచేదాకా ఆగడం. దానికి తెర మీద అంకె లేదు.

రెండోసారి ఆమె చేతులు చూశాను. బ్లీచింగ్ నీళ్ళకి వేళ్ళ సందుల్లో చర్మం పగిలిపోయింది. పెన్ను పట్టుకుంటే మండుతుంది కాబోలు, అందుకే పరీక్షలో సగం కాగితం ఖాళీగా ఉంటోంది. అక్క సూది గుచ్చుకున్నప్పుడు రాసుకునే మలాము తెచ్చి ఇచ్చాను. అప్పుడు నోరు విప్పింది.

"మేడమ్, సగటు అంటే ఏంటి? ఫార్ములా వచ్చు. అది కాదు. అసలేంటది?"

"మీ లాండ్రీలో మూటలు తూకం వేస్తారా?"

"వేస్తాం. మిషన్లో బరువు ఎక్కువైతే ఆగిపోతది."

"పది మూటలు ఉన్నాయనుకో. తొమ్మిది దాదాపు ఒకే బరువు. పదోది మరీ తేలిక. మొత్తం బరువంతా కలిపి పదింటికీ సమానంగా పంచితే ఏమవుతుంది?"

ఆలోచించింది. "ఆ ఒక్కదాని వల్ల అన్నీ తగ్గినట్టు కనపడతాయి."

"అది తీసేస్తే?"

"మళ్ళీ పైకొస్తది." కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "ఇంతేనా మేడమ్?"

"ఇంతే."

నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఆ రోజు తరగతిలో నిద్రపోలేదు. ఆ తరవాత వారం వారం వచ్చేది. ఏది చెప్పినా మూటల్లోకి మార్చుకునేది. నాకన్నా బాగా మార్చేది. ఒకరోజు పుస్తకంలోని లెక్క తప్పని వాదించింది. నిజంగానే అచ్చుతప్పు. ఆ సాయంత్రం నేను ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళానని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

మొదటి రెండింట్లో తప్పినవాళ్ళకే మూడో పరీక్ష, నా పదిమందిలో ఆమె ఒక్కతే. అది రాసి బయటికొచ్చినప్పుడు ఆమె మొహం వెలిగిపోతోంది. "రాశాను మేడమ్. ఆఖరి దాకా రాశాను," అంది. ఇక ఈ మనిషికి ఢోకా లేదనుకున్నాను. జవాబు పత్రాలు బల్ల సొరుగులో పెట్టాను, మరుసటి వారం దిద్దుదామని.

మరుసటి వారం ఆమె తన సమయానికి రాలేదు. చాలాసేపు చూసి, నీళ్ళు తాగివద్దామని లేచాను. వరండాలో తెర దగ్గర ఆగిపోయాను.

నా పేరు ఆకుపచ్చగా ఉంది. పక్కన అరవై ఒకటి.

సంతోషించాను. ఎందుకు దాచాలి, చిన్నపిల్లలా సంతోషించాను. అక్కకి ఫోన్ చేద్దామని చెయ్యి సంచిలోకి పోయింది కూడా. కానీ లెక్కలు చెప్పుకు బతికేదాన్ని కదా, బుర్ర ఊరుకోదు. కొత్త మార్కులు ఎవరూ ఎక్కించలేదు. నిన్నటిదాకా యాభై ఏడు పాయింట్ మూడు. ఎవరి మార్కులూ మారకుండా సగటు ఎలా పెరుగుతుంది? పెరగడానికి ఒకటే దారి.

రిజిస్ట్రార్ ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా నన్ను చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అవునండీ, నిన్ననే వచ్చింది. సీటు వదులుకుంటున్నానని సంతకం పెట్టి వెళ్ళింది. ఆఖరి తేదీ ఇవాళే కదా, ఒకరోజు ముందే వచ్చింది. మంచి అమ్మాయి, నాకు దండం కూడా పెట్టింది."

"వెనక్కి తీసుకోవచ్చా?"

"ఆఫీసు మూసేలోగా తనే వచ్చి అడిగితే రద్దు చేస్తాను. మీరడిగితే కాదు. రేపటి నుంచి ఎవరొచ్చినా కాదు. మళ్ళీ ఎంట్రన్స్ రాసుకుని మొదటి నుంచి రావాల్సిందే."

గదికి పరిగెత్తాను. సొరుగు లాగి ఆమె పత్రం తీసి అక్కడే నిలబడి దిద్దాను. చేతిరాత వంకర టింకరగా ఉంది, ఒక చోట మలాము మరక. దిద్దేటప్పుడు నేను ఎవరికీ ఒక్క మార్కు ఎక్కువ వేయను, అది నా రోగం. ఆ రోజూ వేయలేదు. కూడితే నలభై ఏడు వచ్చింది. మళ్ళీ కూడాను. నలభై ఏడే. ఈ ఆఖరి పరీక్ష రాసినవాళ్ళకి ఇందులో వచ్చిందే ఏడాది మార్కు. అంటే ఆమె ప్యాసయింది.

ఆ పత్రం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. లాండ్రీ నేలమాళిగలో ఉంది. ఆవిరితో గోడలు చెమటలు కక్కుతున్నాయి. మిషన్ల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నిద్రమ్మ పొడవాటి బల్ల ముందు నిలబడి దుప్పటి మడత పెట్టబోతోంది. నన్ను చూసింది. దుప్పటి రెండు కొసలు నా వైపు చాచింది. దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. పట్టుకున్నాను.

"ఎందుకు చేశావు?" అన్నాను.

"మీరే చెప్పారు కదా మేడమ్. పదో మూట."

"నేను చెప్పింది సగటు గురించి. మనుషుల గురించి కాదు."

"తెర మీద అంకె వేసేది మనుషుల గురించే కదా." దుప్పటి మడిచి నా దగ్గరికి వచ్చింది, నా చేతిలో కొసలు అందుకుంది. "మిగతా తొమ్మిది మందినీ అడిగాను. ఎవరికెంతని. కలిపితే ఐదొందల నలభై తొమ్మిది. నాతో కలిపి పదితో భాగిస్తే మీరు ఎరుపు. నేను లేకుండా తొమ్మిదితో భాగిస్తే అరవై ఒకటి. రెండుసార్లు చేసి చూశా. కరెక్టే కదా?"

కరెక్టే. ఒక్క అడుగు కూడా తప్పలేదు. ఏడాది పాటు నేను ఆమెకి నేర్పాలని చూసింది అదే.

"ఇది చూడు." పత్రం ఆమె ముందు పెట్టాను. "నలభై ఏడు. నువ్వు ప్యాసయ్యావు. ఆఫీసు ఇంకా మూయలేదు. ఇప్పుడే నాతో రా."

చేతులు ఏప్రానుకి తుడుచుకుని పత్రం తీసుకుంది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చూసింది. "ఐదోది కూడా కరెక్టా?" అని అడిగింది. కరెక్టేనన్నాను. "అది నాకు పక్కాగా తెలీదు. ఊహించి రాశా." ఆ మొహంలో పరీక్ష నాటి వెలుగు ఒక్కసారి వచ్చింది. ఆ వెంటనే ఆమె పెదాలు కదలడం చూశాను. లోలోపల ఏదో కూడుతోంది. నాకు అర్థమై, వద్దు అనబోయాను.

"యాభై తొమ్మిది పాయింట్ ఆరు," అంది. "నలభై ఏడు వేసినా చాలదు మేడమ్. అయినా ఎరుపే."

మొదట్లో కాగితం మీద కూడా సగటు తీయలేని మనిషి, నోటిలెక్కలో తీసింది.

"నా ఉద్యోగం సంగతి నీకెందుకు?" గట్టిగానే అన్నాను. "నేను ఇంకోచోట చూసుకుంటాను."

"మీరు చూసుకుంటారు. ఆ తొమ్మిది మంది ఎవరి దగ్గరకి పోతారు? మమ్మల్ని అందరూ వద్దంటేనే కదా మీ దగ్గరికొచ్చాం."

బతిమాలాను. కోప్పడ్డాను. నువ్వు రాకపోతే నేనే రాజీనామా చేస్తానని బెదిరించాను. "మీరు చేయరు మేడమ్," అంది మెత్తగా. నిజమే, చేసేంత ధైర్యం నాకు లేదని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ మాట వినడమే నా విద్య అనుకుని మురిసిపోయాను. ఆ రోజు ఆమె మాట విని ఏం చేయాలో నాకు తోచలేదు.

అప్పటికే ఆమె ఈ లాండ్రీలోనే పూర్తిరోజు పనికి ఒప్పుకుంది. సూపర్‌వైజరు తన అద్దాల గదిలోంచి మమ్మల్నే చూస్తున్నాడు. ఆమె ఇంకో దుప్పటి తీసి రెండు కొసలు నా వైపు చాచింది. పట్టుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆఫీసు మూసే వేళ అలా దుప్పట్ల మధ్యే దాటిపోయింది. బయల్దేరుతుంటే, పత్రం తన దగ్గరే ఉంచుకోవచ్చా అని అడిగింది. ఉంచుకోకూడదు, అది యూనివర్సిటీ ఆస్తి. ఉంచుకోమన్నాను.

ఇంటికి వచ్చి అక్కకి అంతా చెప్పాను. ఎప్పుడూ లేనిది మిషను ఆపి విన్నది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందే," అని మాత్రం అంది. ఆ పూట ఇంకేమీ దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

డీన్ గారు పిలిపించి అభినందించారు. ఇంత తక్కువ కాలంలో ఇంత ఎదుగుదల ఎవరూ సాధించలేదట. నిద్రమ్మ సంగతి చెబితే జాలిగా తల ఊపి, నేను చెప్పినదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పారు. అంటే ఒక విద్యార్థిని వెళ్ళిపోయినందుకు మీరు బాధపడుతున్నారన్నమాట, అన్నారు. కొత్తగా చేరిన లెక్చరర్లకు మంచి మెంటర్ల నైపుణ్యాల మీద నేనే మాట్లాడాలని కూడా చెప్పారు. నా కాంట్రాక్టు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

మాట్లాడే రోజు వచ్చింది. ముందు వరసలో డీన్ గారు, వెనక ఇరవై, ముప్ఫై మంది కుర్రకారు. ఇక్కడైనా నిజం చెప్పాలని నిర్ణయించుకుని వచ్చాను. బోర్డు మీద రెండు అంకెలు రాశాను. యాభై ఏడు పాయింట్ మూడు. అరవై ఒకటి.

"మొదటిది నా పాత స్కోరు. రెండోది కొత్తది. మధ్యలో నేను ఎవరికీ ఏమీ ఎక్కువ నేర్పలేదు," అన్నాను. "మెల్లమెల్లగా బాగుపడుతున్న ఒక మనిషి, తన మార్కులు నా సగటును లాగేస్తున్నాయని, ఆఖరి తేదీలోపు సీటు వదులుకుని వెళ్ళిపోయింది. ఆమె ఆఖరి పరీక్ష ప్యాసయింది. మా అందరిలోకీ లెక్క సరిగ్గా చేసింది ఆమే. ఇప్పుడు దుప్పట్లు ఉతుకుతోంది. ఈ అంకె అలా వచ్చింది. ఇందులో నా నైపుణ్యం ఏమీ లేదు."

గదిలో ఎవరూ కదల్లేదు. విన్నారనుకున్నాను. ఒక్కరికైనా తగిలి ఉంటుందనుకున్నాను.

మూడో వరసలో ఒక కుర్ర లెక్చరరు చెయ్యెత్తాడు. అతని మొహం నిజంగానే ఎంతో శ్రద్ధగా ఉంది.

"మేడమ్, ఆ ఆఖరి తేదీ ఈ ఏడాది ఎప్పుడండీ?"

నేను సుద్దముక్క బల్ల మీద పెట్టేలోగా డీన్ గారే వెనక్కి తిరిగి తేదీ చెప్పారు. అందరూ రాసుకున్నారు.