నాయన చెక్కిన గరిటె

తొంభయ్యో సంవత్సరం క్రిస్మస్‌కు ముందు వరప్రసాదం కువైట్ నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడని ఉదయగిరిలో వాళ్ల పేటంతా సంబరపడింది. అక్క లిదియమ్మ ఇంటిముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టించింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక తమ్ముడు లేచి, అందరూ చూస్తుండగా అక్క చేతులకు బంగారు గాజులు తొడిగాడు.

"నన్ను పెంచింది మా అక్క. తల్లి గూడా ఇంత చెయ్యదు," అన్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. లిదియమ్మకైతే ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండింది.

వాణ్ణి కువైట్ రప్పించిందీ ఆమే. తను పనిచేసే ఇంటి మేడమ్‌ను కాళ్లావేళ్లా పడి బతిమాలి డ్రైవరు వీసా తీయించింది. ఇరాక్ సైన్యం వచ్చి పడ్డప్పుడు ఆ మేడమ్ పిల్లల్ని తీసుకుని సౌదీకి పారిపోతూ, ఇంటి తాళంచెవి లిదియమ్మ చేతిలో పెట్టింది. ఇల్లు జాగ్రత్త అని మాత్రం అంది. కొన్నాళ్లకు ఆడవాళ్లను ముందుగా పంపించే బస్సులో చోటు దొరికితే, లిదియమ్మ ఆ చెవిని తమ్ముడికి అప్పజెప్పి వచ్చింది. సొంత రక్తం కదా, ఇంకెవరికిస్తుంది?

కూడిక మర్నాడు వాడి బట్టలు ఉతుకుదామని సూట్‌కేసు తెరిచింది. అడుగున ఒక చెక్క గరిటె కనబడింది. పిడిమీద చేప, దాని తోక ఒక పక్క పొట్టి. చెక్కేటప్పుడు నాయనకు ఉలి జారింది. ఉదయగిరిలో చేసే చెక్కసామానని ఆమే సెలవుకొచ్చినప్పుడు తీసుకెళ్లి మేడమ్‌కిచ్చింది. మేడమ్ దాన్ని వంటింట్లో వాడనివ్వలేదు. ముచ్చటపడి తన నగల బీరువాలో దాచుకుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగను నాయన గరిటె పట్టిచ్చింది.

"ఏందిరా ఇది? బీరువాలోది నీకెట్లా వచ్చింది?"

"నాయన చేసింది గదక్కా. ఆడ వదిలేసి రాబుద్ధి కాలేదు."

"మరి ఈ గాజులు?"

వాడు కాసేపు నసిగి చెప్పేశాడు. "సైనికులు వీధిలో ఒక్కో ఇల్లూ పగలగొట్టి దోస్తా ఉన్నారు. మన ఇల్లు వదుల్తారా? నేనే తాళం తీసినాను. పని తేలికైందని నాకూ కొంత ఇచ్చినారు. ఎట్లాగూ పోయే సొమ్మే గదా!"

మన ఇల్లు అన్నందుకు లిదియమ్మకు ఒళ్లు మండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను ఆమె చూసింది. తలుపు తీసి దొంగల్ని లోపలికి పిలిచినవాణ్ణి ఇప్పుడే చూడ్డం. అదీ తనిచ్చిన తాళంచెవితో! గాజులు లాగి వాడి ముందు పడేసింది.

"మేడమ్ ఏడుందో కనుక్కుంటా. అన్నీ తిరిగి పంపాల. ఒక్కటి గూడా కదిలించబాకు."

వాడు తలూపాడు. ఆమె నమ్మింది, పిచ్చితల్లి. ఆ వారంలోనే వాడు నగలు మూటగట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాడు. అక్కడి నగల వ్యాపారి మల్లికార్జునం, వాటిమీద అరబ్బీ అక్షరాలు చూసి, కాఫీ తెప్పిస్తానని వాణ్ణి కూర్చోబెట్టి పోలీసులకు కబురంపాడు.

స్టేషనుకు రమ్మని పిలుపొస్తే లిదియమ్మ గరిటెను సంచిలో వేసుకుని బయల్దేరింది. వరండాలో తమ్ముడి వకీలు మోహన్‌కృష్ణ ఎదురొచ్చాడు.

"యుద్ధంలో దోచిన సొమ్మని తెలిసీ పుచ్చుకుంటే ఏడేళ్ల దాకా పడుద్దమ్మా. తెలియకపోతే నేరం లేదు. నగలన్నీ నువ్వే తెచ్చినావనీ, అవి ఎక్కడివో తనకు తెలీదనీ నీ తమ్ముడు చెప్పినాడు. మేడమ్ ప్రేమతో ఇచ్చిందని నువ్వంటే ఇద్దరూ బయటపడతారు. దోచినవని తెలుసని నోరు జారితే మాత్రం నువ్వూ లోపలికే."

"నేను తెచ్చినానని చెప్పినాడా? వాడే?"

"వాడే. ఎస్సైగారి ముందరే."

తల్లి గూడా ఇంత చెయ్యదన్న నోరే అది. దొంగతనమైతే భయమనీ, యుద్ధమనీ సరిపెట్టుకునేదేమో. తనను జైలుకు తోసి వాడు తప్పుకోవాలనుకున్నాడే, దాన్ని ఎట్లా మింగాలో ఆమెకు తెలియలేదు.

లోపల బల్లమీద నగలున్నాయి. తమ్ముడు తల వంచుకుని బెంచీమీద కూర్చున్నాడు.

"ఏమ్మా, ఇవి మీ మేడమ్ నీకిచ్చినాయేనా?" అన్నాడు ఎస్సై.

"అవునని చెప్పక్కా," అన్నాడు వాడు, తలెత్తకుండానే.

లిదియమ్మ గరిటె తీసి నగల పక్కన పెట్టింది. తర్వాత తమ్ముడి ముందుకెళ్లి ఖాళీ చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇయ్యిరా. అది మేడమ్ నాకు అప్పజెప్పింది."

"అదెందుకక్కా ఇప్పుడు? ఆడ్నే యాడో పారేసినా."

"నాయన గరిటె వదిలి రాలేకపోయినావు. నేనిచ్చిన చెవి పారేసినావా?"

ఆమె కళ్లు తుడుచుకుని, వకీలు సైగ చేస్తున్నా అటు చూడకుండా, ఎస్సై వైపు తిరిగింది.

"రాసుకోండి సార్. ఆ చెవి ఎవరి చేతికిచ్చి వచ్చినానో ఆడ్నించి చెప్తా."