రిపోర్టులో చివరి వాక్యం

యూనిఫాంలు కుట్టే దుకాణంలో బట్ట కత్తిరించే టైలరమ్మకి నలభై ఎనిమిదేళ్లు. ఒంట్లో బాగాలేదని ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగదు. అలాంటి మనిషి రొమ్ముకి మామోగ్రామ్ తీయించుకుందంటే, దుకాణం యజమానురాలు పనివాళ్లందరినీ పట్టుబట్టి పంపబట్టే. రిపోర్టు వచ్చింది. అనుమానించదగ్గ మార్పులేవీ లేవన్న మొదటి వాక్యం చదివి, "హమ్మయ్య!" అనుకుని, దాన్ని మడిచి టీవీ వెనక పెట్టేసింది.

ఆ ఆదివారం తోడికోడలు వచ్చింది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం ఆవిడ ఉద్యోగం. మందుసీసా మీది చీటీ మొదలు బస్సు టికెట్టు వెనకవైపు దాకా అక్షరం వదలదు. అందుకే ఇంట్లో అందరూ చాటుగా 'భూతద్దం' అంటారు. ఆ పేరు పెట్టింది టైలరమ్మే. ఎప్పుడో తను రాసుకున్న ఉద్యోగ దరఖాస్తులో పదకొండు తప్పులున్నాయని ఈవిడ అందరి ముందూ చదివి వినిపించింది. అప్పట్నుంచీ ఇద్దరికీ అంతంతమాత్రమే.

టైలరమ్మ భర్త ఊరుకోకుండా, "మీ అక్కకి ఏ ఢోకా లేదమ్మా, కావాలంటే చూడు" అంటూ రిపోర్టు తీసి మరదలి చేతికిచ్చాడు.

భూతద్దం చదివింది. మళ్లీ చదివింది.

"అక్కా, చివరి వాక్యం చూశావా?"

"అంతా బాగుందని రాశారుగా."

"అది మొదటి వాక్యం. ఇక్కడ చూడు. రొమ్ము కణజాలం బాగా దట్టంగా ఉందట, చిన్న గడ్డలుంటే కనపడకపోవచ్చట. డాక్టరుతో మాట్లాడమన్నారు."

"నా ఒంట్లో కూడా తప్పులు వెతుకుతావా!"

భూతద్దం మొహం చిన్నబోయింది. అయినా కుర్చీలోంచి లేవలేదు. "తిట్టుకో అక్కా. రేపు సెలవు పెడతాను. నిన్ను తీసుకెళ్లందే ఊరుకోను."

మర్నాడు డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది. "ఇది జబ్బు కాదమ్మా, చాలామందికి ఉండేదే. చేత్తో తడిమితే తెలియదు. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, దట్టమైన కణజాలం తెల్లగా కనిపిస్తాయి. గడ్డ ఉన్నా తెల్లగానే ఉంటుంది, అందుకని కలిసిపోతుంది. పైగా మరీ దట్టంగా ఉన్నవాళ్లకి క్యాన్సర్ వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. అల్ట్రాసౌండ్ కూడా చేసి చూద్దాం."

తెల్లబట్ట మీద తెల్లదారం వెతకడం ఎంత కష్టమో టైలరమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. మారుమాట్లాడకుండా బల్ల ఎక్కి పడుకుంది.

బఠాణీ గింజంత గడ్డ బయటపడింది. సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. అది క్యాన్సరేనని తేలింది. "ఇంకా చిన్నగానే ఉందమ్మా, పక్కకి పాకినట్టు లేదు. మంచి సమయంలో వచ్చారు" అంది డాక్టరమ్మ. ఆ మాటకి టైలరమ్మ తలతిప్పి తోడికోడలి వైపు చూసింది. ఆవిడేమో కళ్లు తుడుచుకుంటూనే చేతిలోని కాగితాలు మొదట్నుంచీ చదువుతోంది.

ఆపరేషన్ చేసి గడ్డ మటుకు తీసేశారు. రెండోరోజు, వార్డులో పక్క మంచాలవాళ్లు కునుకు తీస్తుంటే, టైలరమ్మ నోరు విప్పింది.

"నీకో పేరు పెట్టానే నేను."

"భూతద్దమేగా? ఎప్పట్నుంచో తెలుసు."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత ఆలోచిస్తే, సరిగ్గానే పెట్టావనిపించింది. అయినా ఆ దరఖాస్తు అలా అందరి ముందూ చదవాల్సింది కాదక్కా."

టైలరమ్మకి నవ్వొచ్చింది, కుట్లు లాగి "అబ్బా" అంది. తోడికోడలి చెయ్యి దొరకబుచ్చుకుని, "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో" అంది.

రేడియేషన్ కూడా ముగిశాక, దుకాణంలో మళ్లీ కత్తెర పట్టిన వారంలో, టైలరమ్మకి ఉన్నట్టుండి తట్టింది. వెంటనే ఫోన్ చేసింది.

"ఇంతకీ నువ్వు మామోగ్రామ్ తీయించుకున్నావా?"

అవతల ప్రూఫు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"వినపడుతోందా?"

"భయమక్కా" అంది భూతద్దం.

ఆ గురువారం టైలరమ్మ సెలవు పెట్టింది. మామోగ్రామ్ గదిలోకి వెళ్లేముందు తోడికోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, "నొక్కినప్పుడు ఓ నిమిషం నొప్పి, అంతే. నేనిక్కడే ఉంటా" అంది. ఆవిడ చేతిసంచీ, కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఎవరి కోసమైనా ఇలా కూర్చునే రోజు తనకి మిగిలినందుకు ఆమెకి గుండె నిండిపోయింది.