జ్వరం కోసం ఎదురుచూపు

పిలవడం కాదు, ఎలాగూ వచ్చేదానికి తలుపు తీసి ఉంచడమే, అని పాప నుదుటి మీద చెయ్యి వేసి తల్లి తనకు తాను చెప్పుకుంటోంది. నుదురు చల్లగా ఉంది. అందుకు తన మనసు చిన్నబోవడం గమనించి ఉలిక్కిపడింది.

ఏ క్రిమీ లేకుండానే నెలనెలా కాగిపోయే ఒళ్లు పాపది. "ఇది ఒంట్లోంచే పుట్టే జ్వరం కావచ్చమ్మా," అన్నాడు డాక్టరు కిందటిసారి. "జ్వరం ఉండగా రక్తం చూస్తే జబ్బేదో తేలొచ్చు, సరైన మందు మొదలుపెట్టొచ్చు. రాగానే తీసుకురండి."

"బిడ్డకి జ్వరం రావాలని కాచుక్కూర్చున్న తల్లిని నిన్నే చూశానే!" అంది అత్తగారు, పాపకి జడ వేస్తూ.

"నేనూ నన్నే చూస్తున్నానత్తయ్యా."

మధ్యాహ్నపు మగతలో జ్వరం పాత చుట్టంలా మెట్లెక్కి వచ్చింది. దాని నడక ఆమెకు తెలుసు. రమ్మందో పొమ్మందో తనకే తెలియలేదు. కళ్లు తెరిచేసరికి పాప బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అమ్మా, మోకాళ్లు మళ్లీ అలిగాయి."

ఆసుపత్రిలో నర్సు సూది తీసింది. "మీరు అటు తిరగండమ్మా, చూడలేరు."

తల్లి తిరగలేదు. పాప చొక్కా చేతిని తానే మోచేతి పైదాకా మడిచింది.